ఆరో ముడి, ఏడో ముడి

సొరంగం తలుపుకి వేసిన తాళం అరవై ఏళ్ళ నాటిది. దాన్ని పగలగొట్టకుండా తియ్యగలవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఆ తలుపు ఛాయలకి పోకూడదని ఊరు ఎప్పుడో తేల్చేసింది.

మునిసిపల్ ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. కమిషనర్ బయటి ఊరివాడు. "తాళాలాయన్ని పిలవండి" అన్నాడు. గుమస్తా కబురు పంపాడు. తాళాలాయన సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. కొండ కింద, ఇనప తలుపు ముందు, అతన్ని చూసి గతుక్కుమన్నది సర్వేయరమ్మ ఒక్కతే. ఆమె ఈ ఊళ్ళోనే పుట్టింది, అందులోనూ తాళ్ళు పేనేవాళ్ళ వీధిలో. వచ్చినవాడు పాత కాపలాదారు కొడుకని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"తీస్తారా బాబాయ్, కట్టర్ తెప్పించనా?"

"ఆగమ్మా. ముసలి తాళం ముసలి మనిషిలాంటిది. గదమాయిస్తే మొరాయిస్తుంది. కాస్త నూనె రాసి పక్కన కూర్చుంటే అదే నోరు విప్పుతుంది."

అతను నూనె వేసి నిజంగానే పక్కన కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వేళ్ళ సందుల్లో ఆకురాయి పొడి నల్లగా ఇంకిపోయి ఉంది.

"నీ గొలుసువాడేడీ, కొలతకి రెండో కొస పట్టేవాడు?"

"కడుపునొప్పంట."

"సొరంగం పేరెత్తితే సగం ఊరికి వస్తుందిలే ఆ నొప్పి. సెలవు రోజున మాత్రం ఒక్కడికీ రాదు. టార్చి నేను పడతాను పద."

కొలతకి ఇద్దరు ఉండి తీరాలని ఆఫీసు నియమం. అయినా ఆమె తటపటాయించింది. అతను అది కనిపెట్టాడు.

"ఎవరేమంటారనా? అనాల్సినవన్నీ మా నాన్ననే అనేశారమ్మా. నా వంతుకి మిగల్లేదు."

ఆ కొండ కింద సొరంగాలు తవ్వింది సైన్యంవాళ్ళు, యుద్ధకాలంలో, మందుగుండు దాచుకోవడానికి. సముద్రం మీదుగా విమానాలు రావడం మొదలయ్యాక వాటిలో ఒకదాన్ని జనానికి వదిలారు. సైరన్ మోగితే పిల్లాజెల్లాతో అందరూ అందులోకి పరిగెత్తేవారు. అలా పరిగెత్తిన ఒక మధ్యాహ్నం ముప్పై ఒక్కమంది తిరిగి రాలేదు. బాంబు పడి కాదు, దారి తప్పి. తలదాచుకునే గదికి మళ్ళాల్సిన చోట మళ్ళకుండా ఇంకా ముందుకు పోయి, దూలాలు నిలపని సగం తవ్విన పాయలోకి దిగారు. పైకప్పు కూలింది. శవాలు తియ్యడం కుదరదని సైన్యంవాళ్ళు ఆ పాయకి అడ్డంగా గోడ కట్టి, బయట తాళం వేసి పోయారు. ఆ ముప్పై ఒక్కరిలో సర్వేయరమ్మ నానమ్మ ఉంది, మేనత్త ఉంది. మేనత్తకి అప్పుడు తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు కొండ మీద ఇళ్ళ గోడలు బీటలు వారుతున్నాయి. కింద బోలుగా ఉండబట్టేనని తేల్చి, ఎల్లుండి పదింటికి సొరంగం నిండా సిమెంటు పోయడానికి లారీలు మాట్లాడారు. పోసేముందు పొడవూ వెడల్పూ కొలిచి పటం గీయాలి. పోశాక తలుపు చోట రాయి నిలబెడతారు. ఆ రాయి చెక్కడం అయిపోయి ఆఫీసు వరండాలో గోడకి ఆనించి ఉంది. "కాపలాదారు మత్తులో తప్పు లెక్క చెప్పగా దారి తప్పి అసువులు బాసిన ముప్పై ఒక్కమంది స్మృతికి" అని దాని మీద ఉంది.

"ఆ రాయి చదివాను" అన్నాడు తాళాలాయన, తాళంలోకి సన్నటి ఊచ దూర్చి చెవి ఒగ్గి వింటూ. "ఇన్నాళ్ళూ నోటిమాట. నోటిమాట అన్నవాడితో పోతుంది. ఇప్పుడు రాతిలో ఎక్కుతోంది. ఎల్లుండి సిమెంటు పోసేస్తే ఇంక వెతకడానికి చోటు కూడా ఉండదు. ఆ ఒక్క ముక్క తీయించడానికి లోపల ఏమన్నా దొరుకుతుందేమో చూడనీ."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే తాళం వేసి ఇంటికి పోతాను. నా వృత్తే అది కదా."

తాళం టక్కుమంది. తలుపు తియ్యడానికి ఇద్దరూ భుజాలు ఆనించి తొయ్యాల్సి వచ్చింది.

లోపల చల్లగా, పొడిగా ఉంది. నేల మీద పిండిలాంటి దుమ్ము. తలుపు పక్కనే ఇనప మేకుకి తుప్పు పట్టిన లాంతరు వేలాడుతోంది. తాళాలాయన దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు. ఎడమవైపు గోడ వెంట నడుమెత్తున ఇనప కడియాలు, ఆ కడియాల గుండా తారు పట్టించిన తాడు చీకట్లోకి సాగిపోయింది.

ఆ తాడు సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మూడు బారలకో ముడి. దీపం లేకపోయినా చేత్తో ముళ్ళు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. పదకొండో ముడి దగ్గర తాడు వదిలి కుడికి మళ్ళితే గది. పదమూడో ముడికి ఎదురుగా ఆ సగం తవ్విన పాయ. మామూలు రోజుల్లో కాపలాదారు లాంతరు పట్టుకుని ముందు నడిచేవాడు, ఎవరికీ లెక్కలతో పని ఉండేది కాదు. ఆ రోజు సైరన్ మోగడమూ విమానం రావడమూ ఒకేసారి జరిగాయి. అతను తలుపు దగ్గరే నిలబడి జనాన్ని లోపలికి తోస్తూ, "పదకొండు లెక్కపెట్టి మళ్ళండి" అని అరిచాడట. అరిచానని అతనన్నాడు. విన్నవాళ్ళెవరూ బతికి లేరు. "తాగి పదమూడన్నాడు" అంది ఊరు. చచ్చింది పదమూడో ముడి దగ్గరే కదా, ఇంకేం సాక్ష్యం కావాలి? సర్వేయరమ్మ కూడా ఊహ తెలిసినప్పటినుంచి ఆ మాటే విన్నది, నమ్మింది.

ఆమె టేపు ఒక చేత్తో పరుచుకుంటూ, రెండో చెయ్యి తాడు మీద వేసి నడిచింది. ఆ వీధిలో పుట్టినవాళ్ళ చెయ్యి తాడు కనబడితే ఊరుకోదు. ఒకటి. రెండు. మూడు. టార్చి వెలుగులో గోడమీద ఎవరో బొగ్గుతో గీసిన పడవ కనిపించింది. నాలుగు. అయిదో ముడి ఇరవై ఏడు మీటర్ల దగ్గర తగిలింది. పుస్తకంలో రాసుకుంది. ఆ తర్వాత చాలాదూరం ఏమీ తగల్లేదు. ఆరో ముడి చేతికి వచ్చేసరికి టేపు మీద నలభై మూడు ఉంది.

ఆమె ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"ముడి తప్పించుకున్నట్టున్నాను. టార్చి ఇటు పట్టండి."

వెనక్కి వచ్చి, ఈసారి రెండు చేతులతో తాడుని తడుముకుంటూ వెళ్ళింది. అయిదో ముడి దాటాక కాస్త దూరంలో తాడు లావెక్కి, మళ్ళీ సన్నబడింది. అక్కడినుంచి తారు వాసన లేదు. నున్నటి తాడు, ముడి లేని తాడు, ఏడు బారల పొడవునా. ఆరు దగ్గరికి వస్తుండగా మళ్ళీ అలాగే లావెక్కి సన్నబడి, పాత తాడులో కలిసిపోయింది.

అతుకు. ఒరుసుకుపోయిన ముక్కని కోసేసి, కొత్త ముక్క వేసి, పేటలు విప్పి ఒకదాన్లో ఒకటి దూర్చి రెండు కొసలా అల్లిన అతుకు. కళ్ళు మూసుకుని తడిమితే గానీ తెలియనంత శుభ్రమైన పని.

"బాబాయ్, ఇక్కడ రెండు ముళ్ళు లేవు" అంది. "తాడు అతికారు. పాత ముక్కతోబాటు ఆరో ముడీ ఏడో ముడీ పోయాయి. ఇప్పుడు మనం ఆరంటున్నది అసలు ఎనిమిది."

తాళాలాయనకి వెంటనే ఎక్కలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను టార్చి ఆమె చేతిలో పెట్టి, మాట్లాడకుండా తలుపు దాకా వెనక్కి వెళ్ళాడు.

"దీపం అటు తిప్పు. నన్ను లెక్కపెట్టనీ."

చీకట్లో అతని అడుగులూ అతని గొంతూ మాత్రమే వినిపించాయి. ఒకటి అన్నాడు. రెండన్నాడు. ఆమె పక్కనుంచి దాటిపోతూ అయిదన్నాడు. చాలాసేపటికి ఆరన్నాడు. గొంతు దూరమవుతూ పోయింది. ఎనిమిది. తొమ్మిది. కుడివైపు గది వాకిలి ఎక్కడో దాటిపోయి ఉంటాడు. పది. పదకొండు. తాడు వదిలి కుడికి నడిచిన చప్పుడు. తర్వాత అరచెయ్యి గోడకి కొట్టుకున్న చప్పుడు.

ఆమె టార్చి వేసుకుని పరిగెత్తింది. సైన్యంవాళ్ళు కట్టిన ఇటికగోడకి అతను రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు.

"పదకొండే చెప్పాడు" అన్నాడు. "మా నాన్న పదకొండే చెప్పాడమ్మా. వీళ్ళు కూడా పదకొండే లెక్కపెట్టారు. ఒక్కళ్ళు కూడా తప్పలేదు."

ఆమె కూడా వచ్చి ఆ గోడ మీద చెయ్యి ఆనించింది.

"ఎవరమ్మా అతికింది?" అని అడిగాడు చివరికి.

ఊళ్ళో తాళ్ళు పేనేవాళ్ళందరూ అతుకుకి మూడు పోట్లు వేస్తారు, అంటే పేటల్ని మూడుసార్లు దూరుస్తారు. ఒక్క ఇంట్లో మాత్రం నాలుగు వేస్తారు, నాలుగోదాన్లో ఒక పేటని ఎదురు తిప్పి దూరుస్తారు. సర్వేయరమ్మ కూడా అలాగే వేస్తుంది. ఏడేళ్ళప్పుడు తండ్రి ఆమె వేళ్ళు పట్టుకుని నేర్పాడు. ఇందాక తాడు మీద ఆ ఎదురు పోటు వేలికి తగిలినప్పుడు, వేడి గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూడాలి బాబాయ్" అంది.

ఒక అతుకున్న ముక్కని అటూ ఇటూ బారెడు ఉంచి కోసింది. చీటీ కట్టి, సంచీలో పెట్టుకుంది.

*

ఆమె ఇంటికి వచ్చేసరికి తండ్రి ముందు గదిలో పీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఏడేళ్ళు. కళ్ళకి పొర కమ్మి ఏడాదైంది. వీధిలో ఇప్పటికీ తగువు వస్తే ఈయన గడపే ఎక్కుతారు. ఎల్లుండి రాయి మీద గుడ్డ తొలగించవలసింది కూడా ఈయనే. తల్లినీ చెల్లెల్నీ పోగొట్టుకున్నవాడు కాబట్టి కమిషనర్ ఏరికోరి అడిగాడు. దానికోసం ఇస్త్రీ చేసిన చొక్కా గోడకి వేలాడుతోంది.

"తిన్నావా?" అన్నాడు.

"నాన్నా, ఇది ఎవరి చెయ్యో చెప్పు."

తాడు ఆయన ఒళ్ళో పెట్టింది. వేళ్ళు వాటంతట అవే పనిలో పడ్డాయి. తారు ఉన్న వైపునుంచి లేని వైపుకి పాకాయి. ఒకటో పోటు, రెండో పోటు, మూడు. నాలుగు. అక్కడ ఆగిపోయాయి.

"ఎంత లోపలికి వెళ్ళావు?" అన్నాడు.

ఆయన "ఇదెక్కడిది" అని అడగలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"గోడ దాకా."

ఆయన తాడుని ఒళ్ళో తిన్నగా సర్దాడు.

"కొత్త తాడుకి ముడి వెయ్యకూడదు" అన్నాడు తండ్రి. "బరువు కట్టి మూడు రోజులు లాగనివ్వాలి. ముందే వేస్తే తాడు సాగి, ముడి బిగిసి, లోపల పేట కొరుక్కుపోతుంది. మా నాన్న నాకు చెప్పింది అదే, నేను నీకు చెప్పిందీ అదే."

"అప్పటికి ఎన్ని రోజులైంది?"

"రెండు."

"ముళ్ళు లేవని ఎవరికన్నా చెప్పావా?"

"కాపలాదారుకి చెబుదామనే వెళ్ళాను. తలుపు దగ్గర లేడు. లాంతరు పట్టుకుని ముందు నడుస్తాడు కదా, రెండు రోజులకి ముళ్ళతో పనేముందిలే అనుకున్నా. మూడోనాడు పొద్దున్నే వెళ్ళి వేసేద్దామనుకున్నా." ఆయన వేళ్ళు నాలుగో పోటు మీదే ఉన్నాయి. "పదిహేడేళ్ళవాణ్ణి. సైన్యంవాళ్ళు నన్ను నమ్మి ఇచ్చిన మొదటి పని. పేట కొరుక్కుపోయే పని చెయ్యడం ఎలాగ?"

"మరి తర్వాత? ఈ అరవై ఏళ్ళూ?"

"మొదటిరోజు నోరు రాలేదు. మా అమ్మ, చెల్లి... రెండోరోజు అతని ఇంటి మీద రాళ్ళు వేశారు. ఆ తర్వాత చెబితే ఆ రాళ్ళు కూడా నా పాపంలోకే వస్తాయి. ఏ రోజుకారోజు నిన్ననే చెప్పి ఉంటే తేలిగ్గా ఉండేదనిపించేది."

"నువ్వూ వేశావా రాళ్ళు?"

"లేదు" అన్నాడు. "చేతిలో పట్టుకున్నాను."

ఆమెకి ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు తాళాల కొట్టున్న సందులోంచి అడ్డదారి ఉన్నా తండ్రి ఎప్పుడూ చుట్టు తిప్పి తీసుకెళ్ళేవాడు. అటు కుక్కలున్నాయని చెప్పేవాడు.

"అమ్మాయ్" అన్నాడు తండ్రి గొంతు తగ్గించి. "ఆ నాలుగో పోటు దగ్గర కోసెయ్. మూడు పోట్లు మిగిలితే అది ఊళ్ళో ఎవరిదైనా కావచ్చు. అతని నాన్న తప్పు లేదని తేలుతుంది, నా పేరూ రాదు. పాము చావదూ, కర్రా విరగదు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చింది. నిజంగానే తెచ్చింది. తాడు మోకాలి మీద పెట్టుకుని, ఎదురు తిరిగిన పేట కింద మొన దూర్చింది. ఎంత బాగా వేశాడు అనిపించింది. అరవై ఏళ్ళయినా పోగు కదల్లేదు. ధర్మం గుర్తొచ్చి ఆగిందని చెప్పడం అబద్ధమవుతుంది. చెయ్యి రాలేదు, అంతే. కత్తి తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేసింది.

*

మర్నాడు కమిషనర్ గదిలో బల్ల మీద తాడు పరిచారు. తాళాలాయన ఒక మూల నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. పరీక్షించి చెప్పడానికి తాళ్ళ వీధినుంచి నలుగురు పెద్దల్ని పిలిపించారు. నలుగురూ సర్వేయరమ్మని ఎత్తుకుని తిరిగినవాళ్ళే.

మొదటాయన తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన బొటనవేలు అతుకు చివరికంటా వెళ్ళి ఆగడం ఆమె చూసింది. ఆయన తాడు దించేశాడు.

"పాతబడిపోయింది సార్. ఏం తెలుస్తుంది?"

రెండో ఆయన ఇంకా తొందరగా దించేశాడు. "యుద్ధం అయ్యాక సైన్యంవాళ్ళే వేసుకుని ఉంటారు."

మూడో ఆయన అసలు ముట్టుకోలేదు. "వాళ్ళు చూశారు కదా."

నాలుగో ఆయన తండ్రికి ప్రాణస్నేహితుడు. తాడు మీద చెయ్యి వేసి, తాడుని కాదు, సర్వేయరమ్మని చూస్తూ చెప్పాడు. "ఇది ఎవరి చెయ్యో చెప్పడం ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు బాబూ."

"మీ వేళ్ళు నలుగురివీ ఒక్క రాత్రిలో మొద్దుబారిపోయాయా?" అన్నాడు తాళాలాయన. "సంతలో తాడు ముట్టుకుని ఏ ఇంటిదో, ఏ ఏటిదో చెప్పేవాళ్ళు కదయ్యా మీరు!"

"తాళాలు నీకు తెలుసు, తాళ్ళు మాకు తెలుసు" అన్నాడు రెండో ఆయన.

కమిషనర్ విసుగ్గా గడియారం చూశాడు. "నేను బయటివాణ్ణి. రేపు పదింటికి లారీలొస్తున్నాయి. అతుకు ఆ సంఘటనకి ముందుదని తేలితే ఆ ముక్క రాయి మీంచి తీయించేస్తాను, తేలకపోతే వదిలేస్తాను. నువ్వేమంటావమ్మా? నీకూ ఆ పని తెలుసటగా. ఎవరు అతికారు, ఎప్పుడు?"

గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. తాళాలాయన మాత్రం నేల చూస్తున్నాడు, విన్నది ఒక్క మాట కూడా పోకూడదన్నట్టు.

"తాడు పాతదేనండి" అంది ఆమె.

"అది కాదు. ఎవరు, ఎప్పుడు?"

"చెప్పలేనండి."

తాళాలాయన సంచీ సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. తలుపుల సంగతి తెలిసినవాడు కదా.

ఇంట్లో తండ్రి కాచుక్కూచున్నాడు. "ఏమన్నారు?"

ఆమె ఎవరెవరు ఏమేమన్నారో వరసగా చెప్పింది. ఆయన వింటూ వింటూ నొసలు చిట్లించాడు.

"వాడు కూడానా? నాతోబాటు ఒకే రాట్నం తిప్పినవాడు... నా చెయ్యి వాడికి తెలియలేదా?"

"తెలిసింది నాన్నా. నలుగురికీ తెలిసింది."

"తెలిసే అన్నారా?"

"నేనూ అన్నాను."

అన్నం కలిపి ముందు పెడితే, చల్లారిపోయేదాకా వేళ్ళు అందులోనే ఉంచి, చెయ్యి కడిగేసుకున్నాడు. తను తప్పించుకున్నందుకో, తనని తప్పించినందుకో, వాళ్ళు తన పనితనాన్ని కాదన్నందుకో, ఏది ఆయన్ని అంతగా కోసిందో ఆమెకి అంతు చిక్కలేదు. బహుశా ఆయనకీ తెలిసి ఉండదు.

పొద్దున్న ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా కాకుండా ఇంట్లో తొడుక్కునే చొక్కా వేసుకుని వీధి గడప దగ్గర నిలబడ్డాడు.

"పద. తాళాల కొట్టుకి."

ఈసారి అడ్డదారినే వెళ్ళారు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆగి, "గుడ్డ మీరే తీస్తున్నారటగా పెద్దాయనా" అని పలకరించారు. ఆయన కూతురి మోచెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

తాళాలాయన ఒక తాళంచెవికి ఆకురాయి పెడుతున్నాడు. వాళ్ళని చూసీ ఆపలేదు.

"ఆ అతుకు నాది బాబూ" అన్నాడు తండ్రి, మెట్టు కిందే నిలబడి. "నీళ్ళు నమలకుండా చెబుతున్నాను. నేనే అతికాను. ముళ్ళు వెయ్యలేదు."

తాళాలాయన తాళంచెవిని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ రెండు సార్లు గీకాడు.

"తెలుసండీ" అన్నాడు. "మీ అమ్మాయి లోపల దాన్ని తడిమి చెయ్యి లాక్కుంది. తాడు చూసి చెయ్యి లాక్కునే పిల్లా ఆమె? నిన్న ఆఫీసులో నోరు విప్పుతుందేమోనని చూశాను." ఆమె తల ఎత్తలేకపోయింది.

"కమిషనర్ దగ్గరికి పద. నీ ముందే చెబుతాను."

"కమిషనర్ ఏడాదికో రెండేళ్ళకో బదిలీ అయిపోతాడు. ఆయన దగ్గర చెబితే కాగితంలో ఉంటుంది. మా నాన్నని తిట్టింది కాగితం కాదు." ఆకురాయి పక్కన పెట్టాడు. "చేపల బజారులో చెప్పండి. మా నాన్నని చూస్తే అక్కడ తక్కెడలు బోర్లించేవాళ్ళు. పద్నాలుగేళ్ళు మా అమ్మ పక్క ఊరి రేవుకి నడిచి వెళ్ళి కొనుక్కొచ్చేది. చెబితే అక్కడ చెప్పండి. లేకపోతే మీ దారిన మీరు వెళ్ళి గుడ్డ తియ్యండి, నేను అడ్డం రాను."

"నన్ను క్షమి..."

"ఆ మాట మాత్రం అడక్కండి" అన్నాడు తాళాలాయన. "నా దగ్గర లేదు."

*

తొమ్మిదింటికి బజారు మంచి బేరం మీద ఉంది. ఐసు పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు, కత్తిపీటల చప్పుడు, నేల మీద నీళ్ళు, నాలుగు వరసల దుకాణాల్లో నలభైమంది ఒకేసారి అరుస్తున్న ధరలు. తండ్రి బోర్లించిన పెట్టె మీద ఎక్కి నిలబడ్డాడు. కూతురు నడుం పట్టుకుంది. ఆయన ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

"ఏం తాతా, సందువా కావాలా?" అని అరిచింది ఎదురుగా ఉన్న చేపలామె. "దిగు, జారి పడ్డావంటే నా మీదకొస్తుంది!" చుట్టూ నవ్వారు.

ఆయన మళ్ళీ అన్నాడు. గొంతులో బలం లేదు. కూతురివైపు వంగాడు.

"నువ్వు చెప్పు. నేను చెప్పింది చెప్పినట్టు."

ఆమె గొంతు కూడదీసుకుని అరిచింది. "సొరంగంలో తాడు అతికింది మా నాన్న!"

తండ్రి ఆమె భుజం పట్టి కుదిపాడు. "మా నాన్న అనకు. నేను అను. నేనెలా అంటే అలా అను."

"సొరంగంలో తాడు అతికింది నేను!" అని అరిచింది ఆమె.

దగ్గర్లో కత్తిపీటలు ఆగాయి.

"ఆరో ముడీ ఏడో ముడీ నేను వెయ్యలేదు!" ఆయన చెవిలో అంటున్నాడు, ఆమె అరుస్తోంది. "కాపలాదారు చెప్పింది పదకొండే! ఆయన లెక్క తప్పలేదు! నాకు తెలుసు! ఆయన ఇంటి మీద రాళ్ళు వేసిన రోజు కూడా నాకు తెలుసు! నేను చెప్పలేదు!"

ఆ చివరినుంచి ఈ చివరిదాకా అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మునిసిపల్ గుమస్తా అప్పుడే చేపలు కట్టించుకుంటున్నాడు. పొట్లం దుకాణం మీదే వదిలేసి దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, తెలిసే అంటున్నావా? కమిషనర్ గారికి చెప్పమంటావా?"

"చెప్పు" అన్నాడు తండ్రి. ఈసారి అందరికీ వినబడింది.

గుమస్తా సైకిలెక్కి వెళ్ళాడు. బజారు మొదట్లో స్తంభం పక్కన తాళాలాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. గుమస్తా సైకిలు మలుపు తిరిగేదాకా చూసి, ఎవరివైపూ చూడకుండా, కొట్టు తెరిచి వచ్చానన్నట్టు గబగబా వెళ్ళిపోయాడు.

చేపలామె ముందుకి వచ్చింది. నవ్వు పోయింది. తడి చేతులు నడుముకి తుడుచుకుంది.

"మా అత్తగారి పెద్దకొడుకు ఆ గోడ వెనకే ఉన్నాడు. ఆవిడ పొద్దున లేస్తే ఆ కాపలాదారుని శపించేది. చచ్చేరోజు కూడా మంచినీళ్ళు అడగలేదు, వాణ్ణి శపించింది. నాచేతా శపింపించింది. ఇప్పుడా శాపాలన్నీ ఏం చెయ్యమంటావు తాతా? ఎవరి మీద వెయ్యమంటావు?"

సర్వేయరమ్మ తండ్రి నోటివైపు చెవి పెట్టింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఆయన దగ్గరున్నదంతా అయిపోయింది. "చెప్పు నాన్నా" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అడుగుతున్నానా?" అంది చేపలామె.

జనం ఎదురుచూస్తున్నారు. పెట్టె మీదున్న ముసలాయన్ని కాదు, ఇంతసేపూ "నేను" అంటూ అరిచిన మనిషిని చూస్తున్నారు. కింద నీళ్ళలో ఆమె చెప్పులు తడిసిపోయాయి.

"నిన్న ఆఫీసులో నన్నడిగారు" అంది సర్వేయరమ్మ, అరవకుండా. "ఎవరు అతికారని అడిగారు. నాకు తెలుసు. చెప్పలేనన్నాను. ఇది మా నాన్న చెప్పమన్నది కాదు. నేనే చెబుతున్నాను."